తిరుగుబాటు నాటి గోడ ప్రకటనలు: డబ్లిన్ నగరం, మన గోదావరి డెల్టా

ప్రశ్న
అడిగినవారు: కోనసీమ గ్రంథపాలకుడు

సభ్యులకు నమస్కారం. అమలాపురం దగ్గర మా శాఖా గ్రంథాలయంలో నవంబరు వారోత్సవాలకు ఈ ఏడు ఒక చిన్న ప్రదర్శన పెట్టాలని నిశ్చయించుకున్నాము. పరాయి పాలనలో ఉన్న నగరంలో తిరుగుబాటు లేచినప్పుడు గోడలకు అంటించిన అచ్చు ప్రకటనలు, చేతికి పంచిన కరపత్రాలు, వాటికి పోటీగా ప్రభుత్వం వేసిన నోటీసులు దాని విషయం. 1916 ఏప్రిల్ 24న డబ్లిన్‌లో వెలువడిన, బ్రిటిషు పాలన నుండి ఐర్లండు స్వతంత్రమైందని చాటిన ఐరిష్ రిపబ్లిక్ ప్రకటనను మొదటి పటంగా పెడుతున్నాము. ఆ రోజుల్లో మన వి.వి. గిరి గారు అదే నగరంలో న్యాయశాస్త్రం చదువుతున్నారు. తిరుగుబాటు అణిగిన తరువాత ఆ ఏడాదే ఆయన ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. ఈ సంగతి చెబితే పిల్లలు ఆ కాగితం ముందు ఇంకొంచెం సేపు నిలబడతారని నా ఆశ.

పటాన్ని పెద్దది చేయించి చూస్తే పై సగానికీ కింది సగానికీ మధ్య ఎడం సరిగా లేదు. ఒకే అక్షరం ఒక్కొక్క చోట ఒక్కొక్క రూపంలో ఉంది. ఇది మాకు దొరికిన నకలు లోపమా, అసలు కాగితమే అలా ఉందా?

నన్ను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న వేరొకటి ఉంది. ప్రభుత్వం వేసిన నోటీసూ తిరుగుబాటుదారుల ప్రకటనా ఒకే వీధిలో కనబడినప్పుడు దారిన పోయే మనిషి దేని మాట విన్నాడు? కాగితం ఎవరైనా అచ్చు వేయవచ్చు కదా, దానికి అధికారం ఎక్కడి నుండి వచ్చింది? మన రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు కూడా ఇటువంటి కాగితాల పోరు జరిగి ఉంటే, రెండవ పటంగా దేన్ని పెట్టడం ఉచితమో పెద్దలు చెప్పగలరు.


సమాధానం 1
రాసినవారు: ఇన్నీసుపేట అచ్చుపనివారు

నకలులో లోపం లేదండి, అసలు కాగితమే అలా ఉంటుంది. చేతి అక్షరాలతో కంపోజింగ్ చేసిన (సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చిన) ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఆ కాగితం చూస్తే ఆ రాత్రి అక్కడ ఏమి జరిగిందో నాకు అక్షరం అక్షరంలో కనబడుతుంది.

ఆ ప్రకటనను 1916 ఏప్రిల్ 23 ఆదివారం నాడు లిబర్టీ హాల్ అనే కార్మిక సంఘ భవనంలో ఒక పాత వార్ఫ్‌డేల్ అచ్చు యంత్రం మీద వేశారు. మైకేల్ మొలాయ్, లియమ్ ఓబ్రియన్ కంపోజ్ చేయగా క్రిస్టఫర్ బ్రేడీ యంత్రం నడిపాడు. వారి దగ్గర అక్షరాలు చాలలేదు. స్టాఫర్డ్ వీధిలోని విలియం వెస్ట్ అనే అచ్చాపీసు యజమాని దగ్గర కొంత టైపు అరువు తెచ్చుకున్నారు, అదీ చాలలేదు. ఇంగ్లీషులో ఎక్కువగా పడే అక్షరం ‘ఈ’. ఒక రకం టైపులో అవి అయిపోగానే వేరే రకం టైపులోవి ఏరి అదే వరుసలో కూర్చారు. మీకు ఒకే అక్షరం రెండు రూపాల్లో కనబడడానికి కారణం అదే. శీర్షికకు కావలసిన పెద్ద అక్షరం లేకపోతే ‘ఎఫ్’ అచ్చుకు లక్కతో అడుగు గీత కట్టి ‘ఈ’గా మార్చుకున్నారు.

ఇక మధ్య ఎడం సంగతి. మొత్తం పాఠానికి సరిపడా టైపు లేనందువల్ల ముందు పై సగం కంపోజ్ చేసి, అన్ని కాగితాల మీద ఆ సగం వేసి, ఆ ఫారం (అక్షరాలు బిగించిన చట్రం) విప్పి, అక్షరాలను మళ్ళీ కేసులోని (అక్షరాల పెట్టెలోని) గళ్ళలో సర్ది, వాటితోనే కింది సగం కూర్చి, అవే కాగితాలను రెండవసారి యంత్రానికి ఎక్కించారు. ఒకే కాగితాన్ని రెండు విడతలుగా ఎక్కించినప్పుడు, కాగితాన్ని ఒకే చోట నిలిపే గైడు ఎంత గట్టిగా బిగించినా, ఒక కాగితంలో వెంట్రుకవాసి పైకి, ఇంకొక కాగితంలో కొంచెం పక్కకు జరుగుతుంది. అందువల్ల మిగిలిన ప్రతులలో ఆ ఎడం ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. 2,500 ప్రతులు వేయాలనుకుని సుమారు వెయ్యి మాత్రమే వేయగలిగారు. కాగితం కూడా నాసిరకం. నేడు మిగిలినవి బహు కొద్ది.

సైనికులు తరువాత లిబర్టీ హాలులోకి వెళ్ళినప్పుడు కింది సగం ఫారం ఇంకా యంత్రం మీదనే బిగించి ఉంది. పై సగం మాత్రం అంతకు ముందే విప్పేశారు కదా!

తెలుగు అచ్చులో ఈ కొరత ఇంకా కఠినంగా ఉండేదని పిల్లలకు తప్పక చెప్పండి. గుణింతాలు, వత్తులు, సంయుక్తాలు కలిపితే మన కేసుకు ఇంగ్లీషు కేసు కంటే ఎన్నో రెట్లు గళ్ళు కావాలి. చిన్న ట్రెడిల్ (కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం) పెట్టుకున్న ఊరి ప్రెస్సులో ఒక పేజీకి మించి టైపు ఉంటే అది కలిగినవాళ్ళ కింద లెక్క. అటువంటి చోట రాత్రికి రాత్రి ఒక కరపత్రం వేసి, తెల్లారేలోగా ఫారం విప్పి, ఏమీ జరగనట్టు అక్షరాలన్నీ గళ్ళలో సర్దడమంటే ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులైన కంపోజిటర్లు నిద్ర మానుకుంటే తప్ప అయ్యే పని కాదు. చరిత్ర పుస్తకాల్లో నాయకుల పేర్లు ఉంటాయి. ఈ కంపోజిటర్ల పేర్లు ఉండవు. డబ్లిన్ వారు ఆ ముగ్గురి పేర్లు నిలుపుకున్నందుకు నాకు వారిమీద ఎంతో గౌరవం.


సమాధానం 2
రాసినవారు: కాకినాడ చరిత్ర ఉపాధ్యాయుడు

గ్రంథపాలకుల వారి రెండవ ప్రశ్న విలువైనది. కాగితానికి అధికారం దాని అడుగున ఉన్న పేరు వల్ల వస్తుందని నా నిశ్చితాభిప్రాయం. పేరు పెట్టగలిగినవాడు ఎవడు, పెట్టినందుకు అతను ఏమి చెల్లించవలసి వచ్చింది అన్నదాన్ని పట్టుకుంటే డబ్లిన్ కాగితమూ మన గోదావరి కాగితాలూ ఒకే పటంలో అర్థమవుతాయి.

డబ్లిన్‌లో ఆ వారం జరిగింది చూడండి. సోమవారం నాడు తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ తపాలా కార్యాలయం ముందు నిలబడి ప్రకటన చదివాడు. విన్నవారు కొద్దిమందే, వారిలోనూ ఉత్సాహం చూపినవారు తక్కువ. మరునాడు ఐర్లండులోని బ్రిటిషు వైస్రాయి వింబోర్న్ సైనిక శాసనం ప్రకటించాడు. సాయంత్రం ఏడున్నర నుండి తెల్లవారుజాము ఐదున్నర వరకు ఎవరూ ఇల్లు కదలరాదని నోటీసు వచ్చింది. వీధుల్లో తుపాకులు పేలుతుండగా జనం ఆ నోటీసు మాటే విన్నారు. అందులో వింత ఏమీ లేదు; ఈ రాత్రి బయటికి వస్తే ప్రాణం పోతుందని చెప్పే కాగితాన్ని ఎవరైనా ముందు చదువుతారు. అయితే తిరుగుబాటుదారుల ప్రకటన అడుగున ఏడుగురి పేర్లు ఉన్నాయి. మే 3 నుండి 12 లోపల ఆ ఏడుగురినీ కాల్చి చంపారు. సంతకం చేసినవారు తమ మాటకు ప్రాణం చెల్లించారని తెలిసిన తరువాత, సోమవారం నాడు పట్టించుకోని జనమే ఆ కాగితాన్ని ఇళ్ళలో దాచుకోవడం మొదలుపెట్టారు. దానికి ఆ అధికారం ఇచ్చింది అచ్చు వేసిన రాత్రి కాదు, ఆ పది రోజులే. సంతకాలున్న అసలు చీటీ కంపోజిటరు మొలాయ్ జేబులోనే ఉండిపోయింది. తాను పట్టుబడి రిచ్‌మండ్ బారకుల్లో ఉన్నప్పుడు అతను దాన్ని నోట్లో వేసుకుని నమిలి ఉమ్మేశాడు. తమ పేర్లను వారు బాహాటంగా గోడకెక్కించినా, వారి చేతి రాత మాత్రం శత్రువు చేతికి సాక్ష్యంగా దొరకకూడదని అతని తాపత్రయం.

ఆ ప్రకటన మీద అచ్చాపీసు పేరు లేదని గమనించండి. మన దేశంలో 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం అచ్చు వేసిన ప్రతి కాగితం మీద ముద్రాపకుని పేరు, ఊరు స్పష్టంగా ఉండి తీరవలసి ఉండేది (2024లో కొత్త చట్టం దాని స్థానంలోకి వచ్చింది). లేకపోతే జరిమానా, జైలు. పెళ్ళి కరపత్రం దగ్గర నుండి నాటకం కరపత్రం దాకా అడుగున సన్న అక్షరాలలో “ఫలానా ముద్రాక్షరశాలయందు ముద్రింపఁబడియె” అని కనబడడానికి మూలం ఇదే. నేటికీ ఎన్నికల కరపత్రం మీద ముద్రాపకుని పేరు, చిరునామా ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షను చెబుతున్నది. 1910 ప్రెస్ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. కొత్తగా ప్రెస్సు పెట్టేవారి నుండి 500 రూపాయలు మొదలు 2,000 రూపాయల వరకు ధరావత్తు కోరవచ్చు. ప్రభుత్వానికి నచ్చనిది అచ్చయితే ఆ సొమ్ము జప్తు. మళ్ళీ ప్రెస్సు తెరవాలంటే వెయ్యి నుండి పదివేలు. ఆనాటి ధరల్లో ఆ మొత్తం చిన్న ప్రెస్సు యజమాని ఇల్లూ వాకిలీ కూడా మింగేది. 1922లో ఆ చట్టం రద్దయినా, ఉప్పు సత్యాగ్రహం రాగానే ఆర్డినెన్సు రూపంలో, ఆపైన 1931 అత్యవసరాధికారాల చట్టంగా అదే పీడ తిరిగి వచ్చింది. అనుమతి లేని వార్తాపత్రం తయారు చేసినా, అమ్మినా, పంచినా ఆరు నెలల వరకు జైలు.

ఉప్పు సత్యాగ్రహం నాటి కాంగ్రెసు బులెటిన్లు సైక్లోస్టైల్ మీద ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది. మైనపు స్టెన్సిలు మీద ఇనుప గంటంతో రాసి, సిరా రోలరు దొర్లిస్తే చాలు. అక్షరాల కేసు అక్కరలేదు, ప్రెస్సు డిక్లరేషను (నమోదు పత్రం) లేదు, కింద పేరు లేదు, పెట్టెను సంచిలో పెట్టుకుని ఈ ఊరి నుండి ఆ ఊరికి పడవలో పోవచ్చు. పేరు లేని కాగితానికి నమ్మకం ఎలా కలిగిందని మీరు అడగవచ్చు. దాన్ని తెచ్చి ఇచ్చిన మనిషి ముఖమే సంతకం. ఊళ్ళో అందరూ ఎరిగిన ఖద్దరు కట్టిన మాస్టారో, జైలుకు వెళ్ళి వచ్చిన కుర్రవాడో చేతిలో పెడితే ఆ కాగితం చెల్లేది.

ఇక ప్రభుత్వ నోటీసు. ఆనాటి (1898) క్రిమినల్ ప్రొసీజరు కోడు 87వ సెక్షను ప్రకారం, పరారీలో ఉన్న వ్యక్తిపై ప్రకటనను అతని ఊళ్ళో నలుగురు తిరిగే చోట పైకి చదవాలి, అతని ఇంటి మీద అంటించాలి, కోర్టు భవనం మీద అంటించాలి; హాజరు కావడానికి 30 రోజులకు తక్కువ కాని గడువు ఇవ్వవలసి ఉండేది. అంటించడంతో పాటు చదవడం కూడా చట్టంలో ఎందుకు ఉన్నదంటే, 1921 నాటికి కూడా మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లో చదువు వచ్చినవారు సుమారు పదిమందిలో ఒకరే. టముకు వేసి చెప్పించకపోతే కలెక్టరు ఉత్తర్వు కచేరీ గోడకే పరిమితం.

మన ప్రాంతంలో దీనికి మించిన ఉదాహరణ అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసినప్పుడు, తీసుకుపోయిన ఆయుధాల పట్టీ రాసి రాజు స్వయంగా సంతకం చేసిన సంగతి అందరికీ తెలిసినదే. ఆయన తల మీద ప్రభుత్వం 10,000 రూపాయల బహుమానం ప్రకటించింది. ఒక పక్క పదివేల రూపాయల ప్రకటన, దాని వెనక సర్కారు సైన్యం; ఇంకొక పక్క ఒంటరి మనిషి సంతకం. అంత సొమ్ము ఆశ చూపినా 1924 మే వరకు ఆయనను పట్టుకోలేకపోయారంటే, మన్యం ప్రజలు ఏ కాగితాన్ని గౌరవించారో వేరే చెప్పనక్కరలేదు.

రెండవ పటానికి నా సూచన మీ కోనసీమ నుండే ఉంది. 1942 జూలై చివరలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు పక్షాన కళా వెంకటరావు గారు పంపిన రహస్య సర్క్యులరు. ఆయన ముక్కామలలో పుట్టినవారు. శాసనోల్లంఘనం ఏయే దశల్లో నడవాలో, టెలిగ్రాఫు తీగలు తెంచడం వంటివి ఎప్పుడు చేయాలో చెబుతూ, ప్రాణహాని జరగరాదని ఆ సర్క్యులరు గట్టిగా హెచ్చరించింది. గోడకు అంటించినది కాకపోయినా, చేయి మారి చేయికి పోయిన ఆ కాగితం ప్రభుత్వానికి చిక్కింది. క్విట్ ఇండియా అల్లర్లకు కాంగ్రెసే బాధ్యురాలని చూపడానికి 1943లో ప్రభుత్వం అచ్చు వేసిన పుస్తకంలో దీన్నే ముఖ్య సాక్ష్యంగా వాడుకున్నారు. రహస్యంగా ఉంచవలసిన కాగితాన్ని సర్కారు ప్రెస్సే దేశమంతా చదివించింది. 1942 ఆగస్టు 17న భీమవరంలో రెవెన్యూ డివిజనల్ కార్యాలయం దగ్గర కాల్పులు జరిగాయి. ఆ తరువాత పట్టణం మీద సమష్టి జరిమానా పడింది. సర్క్యులరు ఒక పక్క, జరిమానా ఉత్తర్వు వివరం ఇంకొక పక్క పెట్టండి. మీ ప్రశ్న పిల్లలకు తమ గోదావరి నేల మీదనే ఎదురవుతుంది.


సమాధానం 3
రాసినవారు: యానాం పాఠకురాలు

ఉపాధ్యాయుల వారు రాసినది బ్రిటిషు చట్టం. గౌతమి ఒడ్డున మా యానాంలో 1954 వరకు ఫ్రెంచి పాలన ఉన్నందున ఇక్కడి గోడలకు వేరే చట్టం వర్తించేది. 1881 జూలై 29 నాటి ఫ్రెంచి పత్రికా స్వేచ్ఛా చట్టాన్ని వలసలకు కూడా వర్తింపజేశారు. దాని 15వ అధికరణం ప్రకారం తెల్ల కాగితం మీద అచ్చు వేసి అంటించే హక్కు ప్రభుత్వ ప్రకటనలకు మాత్రమే ఉండేది. మిగిలినవారంతా రంగు కాగితమే వాడవలసి వచ్చేది. ప్రభుత్వ ప్రకటన చింపితే 5 నుండి 15 ఫ్రాంకుల జరిమానా ఉండేది.

చదువు రానివాడు కూడా దూరం నుండి కాగితం రంగు చూసి ఇది సర్కారుదా, ఎవరో వేసినదా అని పోల్చుకోగలడు. అధికారం ఎక్కడి నుండి వస్తుందన్న మీ ప్రశ్నకు ఇది ఒక సూటి జవాబని నా భావన. ఈ నియమాన్ని మొదట చేసినవారు రాజులు కారు, 1791లో ఫ్రెంచి విప్లవ శాసనసభవారే చేశారు. పారిసు గోడలను కరపత్రాలతో కప్పి అధికారంలోకి వచ్చినవారు, వచ్చిన రెండేళ్ళకే తెల్ల కాగితాన్ని తమకు ప్రత్యేకించుకున్నారు. ముద్రాపకుని పేరు, చిరునామా ఉండాలన్న షరతు ఈ చట్టంలోనూ ఉన్నది. కాబట్టి ఆ విషయంలో యానాం దాటి కాకినాడ వెళ్ళినా, కాకినాడ నుండి యానాం వచ్చినా ప్రెస్సువాడికి తేడా ఉండేది కాదు. వీలైతే ఒక తెల్ల కాగితం, ఒక గులాబీ రంగు కాగితం పక్కపక్కన అంటించి ఈ సంగతి రాసి పెట్టండి.


అడిగినవారి స్పందన
రాసినవారు: కోనసీమ గ్రంథపాలకుడు

పెద్దలకు కృతజ్ఞతలు. సర్క్యులరు, తెల్ల కాగితం, రెండూ పెడతాము. ఈ ప్రదర్శన సంగతి తెలిసి చుట్టుపక్కల ఊళ్ళవారు భోషాణాల్లో ఉన్న పాత కరపత్రాలు తెచ్చి ఇస్తున్నారు. కొన్నింటి మీద తేదీ లేదు. ఏవి నిజంగా ఆ కాలానివి, ఏవి తరువాత ఉత్సవాలకు తిరిగి వేసినవి అని పోల్చుకోవడం ఎలా?


సమాధానం 4
రాసినవారు: ఇన్నీసుపేట అచ్చుపనివారు

మొదట కాగితాన్ని వెనక్కి తిప్పి వేలి కొసతో మెల్లగా తడిమి చూడండి. సీసపు అక్షరాలతో వేసినది అయితే వెనక వైపు అక్షరాల ఒత్తిడి చిన్న చిన్న గుబ్బలుగా చేతికి తగులుతుంది. ఆఫ్‌సెట్ మీద తిరిగి వేసినది నున్నగా ఉంటుంది. దానిలో బొమ్మ ఉంటే భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. చుక్కలు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, పాత బ్లాకుల్లోనూ చుక్కలు ఉండేవి. ఒత్తిడి, చుక్కలు రెండూ కలిపి చూడాలి.

తరువాత అడుగు పంక్తి. ప్రెస్సు పేరు, ఊరు ఉంటే సగం పని అయినట్లే. జిల్లా పేరు కూడా చూడండి: తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అనే జిల్లాలు 1925లో ఏర్పడ్డాయి, కాబట్టి ఆ పేర్లున్న కాగితం 1920-22 సహాయ నిరాకరణ నాటిదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంగ్లీషు తేదీ లేకపోయినా తెలుగు సంవత్సరం ఉండడం కద్దు. దుర్మతి అంటే 1921-22, దుందుభి 1922-23, ప్రమోదూత 1930-31, చిత్రభాను 1942-43. అరసున్న, బండి ఱ చూసి మాత్రమే కాలం నిర్ణయించకండి, పాత పద్ధతి విడవని పండితులు చాలా ఏళ్ళు వాటిని వాడుతూనే వచ్చారు.

అసలు ప్రతులను ప్రదర్శనలో పెట్టవద్దని నా మనవి. ఫొటో తీయించి నకలు పెట్టండి. లామినేషను చేయించడం, సెల్లో టేపు అంటించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఆ జిగురు పదేళ్ళలో కాగితాన్ని తినేస్తుంది. మన డెల్టా చెమ్మకు నాసి కాగితం తొందరగా పొడి అవుతుంది కాబట్టి, మడతలు నెమ్మదిగా విప్పి, ఒక్కొక్క దాన్ని ఆమ్లం లేని కాగితపు కవరులో పరిచి, నేలకు ఎత్తుగా బీరువాలో ఉంచండి. నకలు కింద వివరం రాసేటప్పుడు విషయంతో పాటు అడుగున ఉన్న ప్రెస్సు పేరును కూడా ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. ఆ ప్రెస్సుల వారి కుటుంబాలు కొన్ని ఇంకా ఈ ఊళ్ళలోనే ఉన్నాయి. ఆ పేరు చూసి వారు వచ్చి మాట్లాడే అవకాశం ఉంది.